పత్తి చేల దాకా వెళ్లిన సొరోరిటీ

హోస్ట్: అక్కా, 2024 ఎన్నికలప్పుడు కమలా హారిస్ కోసం గులాబీ, ఆకుపచ్చ బట్టల్లో ఆడవాళ్లు కనిపించేవారు కదా, అదేమైనా పార్టీ యూనిఫామా?

అతిథి: పార్టీది కాదు, సొరోరిటీది, అంటే కాలేజీ అమ్మాయిల సంఘానిది. దాని పేరు ఆల్ఫా కప్పా ఆల్ఫా. నల్లజాతి కాలేజీ అమ్మాయిలు పెట్టుకున్న మొదటి సొరోరిటీ. 1908 జనవరి 15న వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో పుట్టింది. ఎథెల్ హెడ్జ్‌మన్ అనే విద్యార్థిని పూనుకుని మొదలుపెట్టింది. కమల అక్కడే 1986లో చేరారు.

హోస్ట్: అంటే మన హాస్టల్ గ్యాంగ్ లాంటిదేగా? చదువైపోతే ఎవరి దారి వాళ్లది.

అతిథి: అలా కాదు. హోవర్డ్‌లోది ఆల్ఫా చాప్టర్, అంటే మొదటి శాఖ. డిగ్రీ అయ్యాక ఏ ఊళ్లో స్థిరపడితే ఆ ఊరి గ్రాడ్యుయేట్ చాప్టర్‌లో చేరొచ్చు. రిటైరైన టీచరమ్మలు కూడా చందా కట్టి మీటింగులకు వస్తారు. గొడవలూ మామూలే. పేరు, గుర్తులు మార్చాలా వద్దా అని వాదన ముదిరి 1913లో 22 మంది విడిపోయి డెల్టా సిగ్మా థీటా పెట్టుకున్నారు.

హోస్ట్: అమెరికాలో మన తెలుగు సంఘాల కథ విన్నట్టే ఉంది!

అతిథి: (నవ్వు) ఆ డెల్టా అమ్మాయిలు మార్చికల్లా ఆడవాళ్ల ఓటు హక్కు ఊరేగింపులో నడిచారులే.

హోస్ట్: ఏమనుకోకండి అక్కా, ఎంతైనా చదువుకున్నవాళ్ల క్లబ్బే కదా ఇది?

అతిథి: నిజమే. అప్పట్లో కాలేజీ మెట్లెక్కిన నల్లజాతి అమ్మాయిలే చాలా తక్కువ. అందుకే నేను 1935 గురించి చెబుతుంటాను. అప్పటి జాతీయ అధ్యక్షురాలు ఐడా జాక్సన్ మిసిసిపీలో పుట్టి, ఓక్‌లాండ్‌లో టీచరయ్యారు. పల్లె టీచర్లకు శిక్షణ ఇద్దామని సొంత రాష్ట్రానికి వెళ్లారు. తీరా చూస్తే అక్కడ పిల్లలకు ఒంట్లో సత్తువే లేదు. ఇక చదువేం ఎక్కుతుంది? దాంతో సొరోరిటీ సభ్యురాలు డాక్టర్ డొరొతీ ఫెరెబీ ముందుండి నర్సుల్ని, టీచర్లని వెంటబెట్టుకుని వేసవిలో అక్కడికి వెళ్లారు. జీతం గీతం లేదు.

హోస్ట్: మరి జనం వచ్చారా?

అతిథి: రానిస్తేగా! తోటల యజమానులు కూలీలను చేను దాటనివ్వలేదు. సరే, మేమే వస్తామని వీళ్లు మందులు, టీకాలు కార్లలో వేసుకుని పత్తి చేల దగ్గరికే పోయారు. పిల్లలకు మశూచి, డిఫ్తీరియా టీకాలు వేశారు. ఏం తినాలో, దంతాలెలా శుభ్రం చేసుకోవాలో తల్లులకు చెప్పారు.

హోస్ట్: ఒక్క ఏడాదేనా?

అతిథి: 1942 దాకా నడిపారు. యుద్ధం వల్ల పెట్రోలుకి, టైర్లకి రేషన్ వచ్చింది. కార్లు లేకపోతే ఆ పనే లేదు, ఆపేయాల్సి వచ్చింది.