పిల్లి లేని ఇంటికి పిల్లి మట్టి కొన్నాం | డల్లాస్‌లో మా పాత క్యామ్రీ రిపేరు

హాయ్ అండీ, నమస్తే! పోయిన వీడియో కింద మా మేనత్త కామెంట్ పెట్టింది: "ఎప్పుడూ మాల్సే చూపిస్తావేంట్రా, ఆదివారం నువ్వేం చేస్తావో చూపించు." అత్తా, ఇదిగో చూడు. బండి కింద పడుకుని ఉన్నాను.

ఇది నా 1999 టొయోటా క్యామ్రీ కారు, 2.2 లీటర్ల ఇంజిన్. 1,70,000 మైళ్ళు తిరిగింది, అంటే 2,70,000 కిలోమీటర్ల పైమాటే. పార్కింగ్‌లో ఆయిల్ మరకలు పడుతున్నాయని అపార్ట్‌మెంట్ ఆఫీసు వాళ్ళు అద్దానికి చీటీ అంటించారు. మెకానిక్‌కి చూపిస్తే సీల్స్, అంటే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగులు, పోయాయన్నాడు. సీల్స్ దాకా వెళ్ళాలంటే టైమింగ్ బెల్ట్ విప్పాలి. ఇంజిన్‌లో కిందుండే క్రాంక్ షాఫ్ట్‌నీ (పిస్టన్లు తిప్పేది), పైనుండే క్యామ్ షాఫ్ట్‌నీ (వాల్వులు తెరిచేది) కలిపి తిప్పే పళ్ళ బెల్ట్ అది. విప్పాక ఆ పాతదే మళ్ళీ ఎవడేస్తాడు? వాటర్ పంపు కూడా ఆ బెల్ట్‌తోనే తిరుగుతుంది కాబట్టి అదీ మార్చాలి. మొత్తం 950 డాలర్లు. డాలరుకి 90 వేసుకోండి, 85,500 రూపాయలు! సామాన్ల కిట్టు చూస్తే 160 డాలర్లే. మిగతాదంతా కూలి, గంటకి 140.

సరే, మనమే చేద్దాం అనుకున్నా. కానీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో రిపేర్లు చేయకూడదని అగ్రిమెంట్‌లోనే రాసుంటుంది. అందుకే డల్లాస్ పక్కనే ఫ్రిస్కోలో ఉన్న మా బావ గరాజ్‌కి వచ్చిపడ్డా.

ఇప్పుడు అసలు సంగతి. క్రాంక్ పుల్లీని కదలకుండా పట్టుకునే పనిముట్టు, బోల్టు ఎంత బిగువుగా బిగించామో చూపే టార్క్ రెంచ్ నా దగ్గర ఎక్కడుంటాయి? ఇక్కడ ఆటోజోన్, ఓరైలీ లాంటి పార్ట్స్ షాపుల్లో పనిముట్లు అరువిస్తారండీ! పూర్తి ధర డిపాజిట్ కట్టాలి, పని అయ్యాక తిరిగిచ్చేస్తే పైసా కోత లేకుండా వాపసు ఇస్తారు. అద్దె లేదు. ఎదురింటికి నిచ్చెన ఇచ్చి ఆర్నెల్లు అడగలేక మొహమాటపడే కుటుంబం నుంచి వచ్చాను కదా, బిల్లు రెండుసార్లు చదువుకున్నా.

పనిలోకి వద్దాం. ముందు చక్రం తీశాం, ఇంజిన్ కింద జాకీ పెట్టి, దాన్ని బండికి పట్టి ఉంచే కుడివైపు మౌంట్ విప్పాం. క్రాంక్ బోల్టు మాత్రం గంటసేపు ఏడిపించింది. బావ పానాకి ఇనుప గొట్టం తొడిగి వేలాడితే "టప్" అంది. నేను బోల్టు విరిగిందనుకున్నా. లేదు, వదులైంది!

బెల్ట్ విప్పే ముందే క్రాంక్ గుర్తు సున్నా మీదకి తెచ్చుకోవాలి. పైన క్యామ్ పుల్లీలో చిన్న రంధ్రం ఉంటుంది, అందులోంచి వెనకాల గీత కనబడాలి. ఈ ఇంజిన్‌లో మంచి సంగతేంటంటే, బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్లకి తగలవు, బండి రోడ్డు మీద ఆగిపోతుందంతే. చాలా ఇంజిన్లలో అలా కాదు, వాల్వులు వంగిపోతాయి.

ఇంతలో పక్కింటి పెద్దాయన మడత కుర్చీతో సహా వచ్చేశాడు. ఇక్కడ తలుపు కొట్టని మనుషులు కూడా గరాజ్ తెరిచుంటే లోపలికొస్తారు. ఆయన కుక్క కూడా వచ్చింది. సరిగ్గా అప్పుడే వాటర్ పంపు విప్పితే కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, నేలంతా పారింది. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకేస్తాయి, నాకితే ప్రాణానికే ప్రమాదం. పెద్దాయన కుక్కని ఎత్తుకుని "పిల్లి మట్టి! పిల్లి మట్టి!" అని ఒకటే అరుపు. ఇంట్లో పిల్లులు దొడ్డికి వెళ్ళడానికి అమ్మే మట్టి అన్నమాట, ఏ తడినైనా పీల్చేస్తుందట. పిల్లి లేని ఇంటికి 12 డాలర్లు పెట్టి, అంటే 1,080 రూపాయలు, మట్టి కొనుక్కొచ్చా. మా అమ్మకి ఈ ముక్క చెప్పకండి.

సీల్స్ మూడు: క్యామ్‌ది, క్రాంక్‌ది, ఆయిల్ పంపుది. పాతవి ప్లాస్టిక్‌లా గట్టిపడిపోయాయి. పెకలించేటప్పుడు షాఫ్ట్ మీద గీత పడిందో, కొత్త సీల్ కూడా కారుతుంది. కొత్తదాని లోపలి అంచుకి ఆయిల్ రాసి, సరిపడా సాకెట్ ఆనించి మెల్లగా కొట్టాం. కొత్త బెల్ట్‌కి మాత్రం ఆయిల్ చుక్క తగలకూడదు. తర్వాత ఇంజిన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పాం. క్రాంక్ రెండు తిరిగితే క్యామ్ ఒకటి తిరుగుతుంది, గుర్తులు మళ్ళీ కలవాలి. మొదటిసారి క్యామ్ ఒక పన్ను పక్కకుంది. మళ్ళీ విప్పాం. ఆ తిట్లు ఎడిటింగ్‌లో తీసేశా.

సాయంత్రం ఐదున్నరకి స్టార్ట్ చేశాం. ఇండియాలో తెల్లవారుజాము నాలుగు, నాన్న లేచే వేళ. వీడియో కాల్ చేస్తే బాగున్నావా అని కూడా అడగలేదు. "ఫోన్ ఇంజిన్ దగ్గర పెట్టు" అన్నారు. ఆదివారాలు ఆయన స్కూటర్ విప్పుతుంటే బోల్టుల గిన్నె పట్టుకుని కూర్చునేది నేనే.

కాసేపు విన్నారు. "రైజ్ చెయ్" అన్నారు. చేశా.

"ఏదో కీచుమంటోంది రా. ఫ్యాన్ బెల్ట్ బిగించావా?"

బిగించలేదండీ.