మోగి ఆగిన విదేశీ నంబరు

అందరికీ నమస్కారం.

ఫోను ఒక్కసారి మోగుతుంది, చేతిలోకి తీసుకునేలోపే ఆగిపోతుంది. ఎవరై ఉంటారా అని తిరిగి చేస్తాం. మోసగాడికి కావలసింది అదే. జపాన్‌లో దీన్ని ‘వాంగిరి’ అంటారు. ఒక్క రింగు ఇచ్చి కోసేయడం అని అర్థం.

డబ్బెలా వస్తుందంటే, విదేశానికి కాల్ చేస్తే మన ఆపరేటరు అవతలి నెట్‌వర్కుకు నిమిషానికింతని కట్టాలి. రేటు ఎక్కువున్న నంబర్లు తీసుకున్న మోసగాడికి అందులో వాటా ముడుతుంది. ఎత్తని కాల్‌కు ఛార్జీ పడదు కాబట్టి వేలమందికి రింగులిచ్చినా వాడికి పోయేదేమీ లేదు.

అసలు మాయ తిరిగి చేశాకే. చెవిలో రింగు వినిపిస్తూనే ఉంటుంది, ఇంకా ఎత్తలేదనుకుంటాం. కొన్నిసార్లు అది రికార్డు చేసిన రింగు. అటువైపు ఎప్పుడో ఎత్తేశారు. ఫోను చెవి దగ్గర్నుంచి తీసి తెర చూడండి. 00:01, 00:02 అని సెకన్లు నడుస్తున్నాయంటే ఛార్జీ పడుతున్నట్టే. వెంటనే కట్ చేయండి.

నంబరు మొదట్లో ఉండే దేశపు కోడ్ చూడండి. +216 ట్యునీషియా, +222 మౌరిటానియా, +252 సోమాలియా. +1 కనిపిస్తే అమెరికానే అనుకోకండి. +1 473 గ్రెనడా, +1 876 జమైకా. ఆ దేశాలను తప్పుపట్టాల్సిన పనిలేదు, అక్కడికి కాల్ ఖరీదు ఎక్కువ, అంతే. మిస్డ్ కాల్ వచ్చినంత మాత్రాన ఫోను హ్యాక్ అవుతుందన్నది మాత్రం ఉత్త పుకారు.

ఆ నంబరును బ్లాక్ చేస్తే? చేయండి గానీ, రేపు ఇంకో నంబరు నుంచి మోగుతుంది. కాల్ లిస్టులోంచి కూడా తీసేయండి. పిల్లలో పెద్దవాళ్లో పొరపాటున దాని మీద వేలు పెడితే కాల్ వెళ్లిపోతుంది.

గట్టి తాళం వేయాల్సింది బయటికి వెళ్లే కాల్స్‌కే. విదేశాలకు ఫోను చేసే అవసరం లేకపోతే ఐఎస్‌డీ ఆపేయమని కస్టమర్ కేర్‌ను అడగండి. చాలా నెట్‌వర్కుల్లో *331* కొట్టి, బారింగ్ పిన్ (కాల్స్ ఆపడానికి వాడే రహస్య సంఖ్య), ఆ తర్వాత # కొట్టి డయల్ చేసినా సరిపోతుంది. *#331# కొడితే తాళం పడిందో లేదో తెలుస్తుంది. ఈ పిన్ సిమ్ పిన్ కాదు, ఆపరేటరును అడిగి తెలుసుకోండి. ఊహించి వరుసగా తప్పు కొడితే ఆ సదుపాయమే లాక్ అయిపోతుంది. విదేశాల్లోని మీవాళ్లు మీకు చేసే కాల్స్ మాత్రం ఎప్పటిలాగే వస్తాయి.

వాట్సాప్‌లో వచ్చే విదేశీ మిస్డ్ కాల్ వేరే సంగతి. తిరిగి చేస్తే నిమిషం ఛార్జీ ఉండదు, డేటా ఖర్చే. అక్కడ వల వేసేది మాటల్లోకి దింపడానికి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో కాల్స్‌లోకి వెళ్లి తెలియని కాల్స్ మోగకుండా పెట్టుకోండి.

ఇప్పటికే తిరిగి చేసేశారా? నంబరు, సమయం, ఎంతసేపు కలిసిందో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ప్రీపెయిడ్ అయితే బ్యాలెన్స్ చూసుకోండి. పోస్ట్‌పెయిడ్ అయితే బిల్లు వచ్చేదాకా ఆగకుండా అదే రోజు ఆపరేటరుకు ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబరు రాసుకోండి.