పనివారే యజమానులుగా సైన్సు నమూనాల తయారీ
(విజయవాడలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవారిలో కొండపల్లి బొమ్మల పనివారున్నారు, ఆటోనగర్‌లో లేత్ మీద చెయ్యి తిరిగినవారున్నారు, తెనాలిలో ఫైబర్ విగ్రహాలకు అచ్చులు తీసేవారున్నారు. నాలాగా భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవారూ నలుగురైదుగురున్నారు. బడులకు కావలసిన సైన్సు నమూనాలను మనమే తయారుచేసి, ఆ సంస్థకు మనమే యజమానులం కాగలమా అన్నది ఈనాటి విషయం.

ముందుగా వస్తువు సంగతి చూద్దాం. డీఎన్ఏ మెలిక మామూలు బోల్టు మరలాగే కుడి వైపు తిరుగుతుంది. దాన్ని ఎడమ మరగా చుట్టిన నమూనాతో నేను ఏళ్ల తరబడి పాఠం చెప్పాను, గమనించలేదు. లేత్ పనివాడు ఒక్క చూపులో పట్టేయగల తప్పు అది. అలాగే గుండె నమూనాలో ఎడమ జఠరిక గోడ కుడిదానికన్నా దాదాపు మూడు రెట్లు మందంగా ఉండాలి, ఎందుకంటే ఒళ్లంతటికీ రక్తాన్ని తోయవలసింది అదే. రెండు గోడలూ ఒకే మందంలో పోత పోస్తే అచ్చు పని తేలికవుతుంది గాని, పిల్లవాడికి అసలు విషయమే అందదు.

సౌరకుటుంబం సంగతి మరీ చిత్రం. పది సెంటీమీటర్ల బంతిని భూమి అనుకుంటే, చంద్రుడు మూడు సెంటీమీటర్లకు కొంచెం తక్కువగా, మూడు మీటర్ల దూరంలో ఉండాలి. సూర్యుడు పదకొండు మీటర్ల గోళమై దాదాపు 1,170 మీటర్ల అవతల ఉండాలి. మన ప్రకాశం బ్యారేజీ పొడవు సుమారు 1,223 మీటర్లు, కనుక భూమిని ఈ ఒడ్డున పెడితే సూర్యుడు దాదాపు ఆ ఒడ్డున తేలుతాడు. బల్ల మీద పట్టే నమూనాలో పరిమాణం, దూరం రెండూ నిజం కావడం అసాధ్యమని పెట్టె మీద ఒక్క వాక్యం అచ్చువేయడానికి ఖర్చేమీ కాదు, అయినా ఆ వాక్యం నాకెక్కడా కనిపించలేదు.

నమూనాకింత అని లెక్క మీద కూలి తీసుకునేవాడు తప్పు కనిపెట్టినా అచ్చు పోత ఆపలేడు, ఆపితే ఆనాటి కూలి పోతుంది. కొనే బడికి తప్పు తెలియదు, అమ్మే షాపుకు అక్కరలేదు. అచ్చు ఆపే హక్కు పనివాడికి రావాలంటే సంస్థ అతనిదే కావాలి. సైన్సు పరికరాలకు పెట్టింది పేరైన హర్యానాలోని అంబాలాతో ధరలో మనం పోటీపడలేం. తప్పులేని వస్తువు, విరిగిన ముక్కకు మారు ముక్క, ఈ రెండే మన బలం.

చట్టం సంగతి పెద్దగా భయపెట్టదు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద పదిమంది కలిస్తే సంఘం నమోదు చేసుకోవచ్చు, అందులో ప్రభుత్వ వాటాధనం ఉండదు. కేరళలో ఊరాళుంగల్ కూలీలు 1925లో ఇలా కలిసి మొదలుపెట్టిన సంఘం ఈనాటికీ రోడ్లు, వంతెనలు కడుతోంది.

భయపెట్టేది డబ్బు. బడులు జూన్‌లో తెరుస్తారు, కాబట్టి సరుకు జనవరి నుంచే తయారు కావాలి, బిల్లులేమో ఇంకా ఆలస్యంగా వస్తాయి. యజమానులమైనంత మాత్రాన వారం కూలి ఆగితే ఇల్లు గడవదు. అందుచేత ముప్పై రకాల జోలికి పోకుండా, డీఎన్ఏ, గుండె, భూమి–చంద్రుడు అనే మూడింటితో మొదలుపెట్టి, వాటాధనాన్ని ఆ ఐదారు నెలల కూలికి, రెసిన్‌కు మాత్రమే వాడాలని నా అభిప్రాయం. లేత్ పనికీ రంగులు వేసే పనికీ ఒకే కూలా, మానుకుని వెళ్లేవారికి వాటా ఎప్పుడు తిరిగి ఇవ్వాలి అన్న ప్రశ్నలకు జవాబు నియమావళిలో ముందే రాసుకోవాలి. లాభం కనిపించాక ఆ మాట ఎత్తితే అది తగవే అవుతుంది.

గుమ్మం దగ్గర బల్ల మీద ఒక కాగితం ఉంచాము. చేరదలచినవారు పేరుతోపాటు, వచ్చే జూన్ దాకా వెనక్కి అడగకుండా వదిలి ఉంచగల సొమ్మెంతో కూడా దయచేసి రాయండి.