పీనియల్ సిస్ట్: రిపోర్టు రాసే ముందు చూడవలసినవి

సభలోని వైద్యులకు, వైద్య విద్యార్థులకు నమస్కారం.

తలనొప్పికని తీయించిన ఎం.ఆర్.ఐ. రిపోర్టులో ‘పీనియల్ సిస్ట్’ అన్న మాట కనబడగానే మెదడులో గడ్డ ఉందని హడలిపోయి వచ్చేవారు మనందరికీ తెలుసు. మెదడులో ద్రవం నిండిన గదుల్లో ఒకటైన మూడో వెంట్రికిల్ వెనుక ఉండే ఆ చిన్న పీనియల్ గ్రంథిలో నీటితిత్తి (సిస్ట్) ఏర్పడడం వింతేమీ కాదు. శవపరీక్షల్లో నూటికి 20 నుంచి 40 మందిలో అవి కనిపించాయని గ్రంథాలు చెబుతున్నాయి. స్త్రీలలో కొంచెం ఎక్కువ. తలనొప్పికి అదే కారణమని తేల్చేయడం మాత్రం చాలాసార్లు తొందరపాటే.

మామూలు సిస్టు గుండ్రంగా, నునుపైన అంచుతో, సాధారణంగా 10 మిల్లీమీటర్లలోపే ఉంటుంది. గోడ మందం 2 మిల్లీమీటర్లు దాటదు. లోపలి ద్రవంలో ప్రోటీన్ ఉండడంవల్ల ఫ్లెయిర్ చిత్రాల్లో (మామూలు ద్రవాన్ని నల్లగా చూపే ఎం.ఆర్.ఐ. పద్ధతి) అది సి.ఎస్.ఎఫ్. (మెదడు చుట్టూ ఉండే ద్రవం) లాగా పూర్తిగా నల్లబడదు. ఇది చూసి కంగారు పడనక్కర లేదు. డిఫ్యూజన్ చిత్రాల్లో (నీటి అణువుల కదలికను చూపే పద్ధతి) తెల్లగా మెరిస్తే మాత్రం ఎపిడెర్మాయిడ్ అనే చర్మకణాల తిత్తిని తలచుకోవాలి.

చాలామంది తడబడేది కాంట్రాస్ట్ (చిత్రంలో కొన్ని భాగాలు వెలిగేలా నరంలోకి ఇచ్చే మందు) దగ్గర. ఈ గ్రంథికి రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డుగోడ లేదు కనుక, సిస్టు చుట్టూ ఒత్తుకుపోయిన గ్రంథి కణజాలం సన్నని ఉంగరంలా వెలుగుతుంది, అది సహజం. అయితే ఇంజెక్షన్ ఇచ్చి గంట గడిచాక తీస్తే మందు లోపలికి చేరి, సిస్టు కాస్తా గట్టి కణితిలా కనిపించవచ్చు. అందుకే చిత్రం ఏ సమయంలో తీశారో టెక్నీషియన్‌ను అడగడం నామోషీ కాదు. గోడలో ముడిలాంటి మందపాటి భాగం వెలిగితే అది వేరే కథ: పీనియోసైటోమా అనే ఈ గ్రంథి కణితి కూడా సిస్టు వేషంలో రాగలదు, చిత్రాన్నిబట్టి రెంటినీ విడదీయడం ఒక్కోసారి సాధ్యం కాదు. కౌమారంలోని మగపిల్లల్లో జెర్మినోమా (బీజకణాల కణితి) అనుమానం కలిగితే ఆల్ఫా ఫీటోప్రోటీన్, బీటా హెచ్.సి.జి. అనే కణితి సూచికల పరీక్షలు చేయించాలి, అవి నార్మల్‌గా వచ్చినా జెర్మినోమా లేదని తేల్చకూడదు.

పరిమాణం కన్నా ముఖ్యం, పక్కనున్న అక్విడక్ట్ (మెదడు ద్రవం పారే సన్నని కాలువ) నొక్కుకుపోయిందా లేదా అన్నది. వెంట్రికిల్స్ ఉబ్బినా, రోగి కళ్లు పైకి ఎత్తలేకపోయినా న్యూరోసర్జన్‌కు ఆలస్యం లేకుండా పంపాలి. ఏ లక్షణమూ లేని పెద్దవారిలో, చిన్నదై మామూలు రూపంలో ఉన్న సిస్టుకు పదేపదే స్కానింగ్ అనవసరమన్నది నా అభిప్రాయం. పెద్దదై, రూపం అనుమానంగా ఉన్నదాన్ని మళ్లీ తీసినప్పుడు అదే ప్లేన్‌లో (కోత దిశలో), అదే సీక్వెన్స్‌లో (చిత్ర పద్ధతిలో) కొలవండి. లేకపోతే స్లైస్ మారినందువల్ల వచ్చిన ఒక మిల్లీమీటరు తేడాను పెరుగుదలగా రాసేస్తాం.