మోకాలు తెగే క్షణంలో కన్ను ఎక్కడుంది?

పీఈటీ మాస్టార్లకు, కోచ్‌లకు, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన అమ్మానాన్నలకు నమస్కారం. సాయంత్రమైనా బెజవాడ ఎండ ఇంకా చల్లారలేదు, అయినా వచ్చారు.

ఫిజియోథెరపిస్టుగా నా దగ్గరకొచ్చే కబడ్డీ పిల్లల్లో చాలామంది చెప్పేది ఒకటే: "ఎవరూ తగల్లేదండీ. గీత వైపు తిరుగుతుంటే లోపల టప్‌మంది." ఇంట్లోవాళ్లు నమ్మరు. ఎవరూ తొయ్యకుండా ఎలా తెగుతుందిరా అంటారు. తెగుతుంది. మోకాలి లోపల తొడ ఎముకను కాలి ఎముకతో కట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ (పట్టీ లాంటిది) తెగేది ఎక్కువగా అలాగే. దూకి దిగేటప్పుడో, పరుగు ఆపి పక్కకు మళ్లేటప్పుడో.

ఆటలో అది తెగిన క్షణాల వీడియోలను ఫ్రేము ఫ్రేముగా పరిశీలించినవాళ్లు పాదం నేలకు ఆనాక సుమారు 40 మిల్లీసెకన్లలో అది తెగుతోందని లెక్కగట్టారు. అంటే సెకనులో ఇరవై అయిదో వంతు! కాలి నుంచి కబురు వెళ్లి, తొడ వెనక కండరం బిగుసుకునేలోపు పని అయిపోతుంది. అందుకే ఆ కండరం కాలు గాల్లో ఉండగానే సిద్ధం కావాలి. ఎప్పుడు, ఎంత బిగువు అన్నది మెదడు ముందే లెక్కవేస్తుంది, చాలావరకు కన్ను చూసినదాన్ని బట్టి. ఇంద్రకీలాద్రి మెట్లు దిగుతూ ఇంకో మెట్టుందనుకుని అడుగేస్తే ఒళ్లంతా ఝల్లుమంటుంది కదా, అదీ ఆ లెక్క తప్పడమే.

ఇప్పుడు మన రైడర్ని చూడండి. కళ్లు రెండూ కార్నర్ డిఫెండర్ మీద, నోట్లో కూత, వెనక్కి అడుగు. హఠాత్తుగా పక్కనుంచి చేతులు పట్టుకున్న డిఫెండర్ల చెయిన్ కమ్ముకొస్తుంది. ఎటు తిరగాలో ముందే తెలిస్తే మోకాలు ఒకలా పనిచేస్తుంది. ఆఖరి క్షణంలో తెలిస్తే దానిమీద మెలి బరువు పెరుగుతుందని ప్రయోగశాలల్లో కొలిచి చూశారు.

2007లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో, ఇలా ఏసీఎల్ తెగిన 80 మంది కాలేజీ ఆటగాళ్లను, తెగని 80 మందితో పోల్చారు. దెబ్బ తగలకముందు చేసిన పరీక్షల్లోనే మొదటివాళ్లు స్పందన వేగంలో, చూసింది గుర్తుంచుకోవడంలో వెనకబడ్డారు. ఇది కళ్లద్దాల నంబరు గొడవ కాదు. చూసినదాన్ని మెదడు ఎంత త్వరగా వాడుకుంటుందన్న సంగతి. (నంబరున్న పిల్లల చేత అద్దాలు తీయించి ఆడించే మాస్టార్లతో నా పోట్లాట వేరే ఉంది.)

ఆపరేషన్ తర్వాత ఇంకో చిక్కు. తెగిన లిగమెంట్‌తోపాటు అందులోని నాడులూ పోతాయి. కాలు ఎక్కడుందో చెప్పే కబుర్లు తగ్గి, మెదడు ఆ లోటును కంటితో పూడ్చుకుంటుంది. మెదడు స్కాన్లలో ఇది కనిపించింది. క్లినిక్‌లో అద్దం ముందు చక్కగా గుంజీలు తీసే కుర్రాణ్ణి 'ఫిట్' అని పంపేస్తాం. కోర్టులో వాడి కన్ను ప్రత్యర్థికి కావాలి, మోకాలికి మిగలదు. ఏళ్ల తరబడి నేనూ అలాగే పంపాను. బ్యాడ్మింటన్ గోపీచంద్ గారు మోకాలి ఆపరేషన్ల తర్వాతే 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు కదా అని పిల్లలు తొందరపెడతారు. ఆయన పేరు చెబుతారు గానీ, ఆయన ఓపిక మాట ఎత్తరు.

కన్ను వేరే పనిలో ఉన్నా మోకాలు నిలబడేలా సాధన చేయించాలి. అందుకు రెప్పలు కొట్టుకున్నట్టు చూపును ఆపి ఆపి వదిలే స్ట్రోబ్ కళ్లద్దాలు వచ్చాయి, ఖరీదెక్కువ. మనకు రబ్బరు బంతి చాలు. ఒంటికాలి మీద గెంతి దిగేటప్పుడే బంతి విసరండి, లేదా వేళ్లు చూపించి ఎన్నో చెప్పమనండి. దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతోందేమో పక్కనుంచి ఇంకొకరు చూడాలి. ఆపరేషన్ అయినవాళ్లకు మాత్రం ఇది డాక్టరు, ఫిజియో ఒప్పుకున్నాకే.

బంతి తెచ్చాను. వెనక వరసలో జెర్సీ వేసుకున్న అమ్మాయి, నువ్వు రామ్మా. బూట్లు విప్పక్కర్లేదు.