ఎగుడుదిగుడు, ఉబ్బెత్తు: ఏది ఎక్కడ?

సభకు నమస్కారం.

సమంగా లేని ఉపరితలాన్ని వర్ణించవలసి వచ్చినప్పుడు మనకు వెంటనే తోచే విశేషణం 'ఎగుడుదిగుడు'. మంచి మాటే గాని, దానిని అన్నిచోట్లా వాడితే తెలుగులో ఉన్న తేడాలు చెరిగిపోతాయని నా బాధ.

ఈ మాటలో 'ఎగు', 'దిగు' అనే రెండు ధాతువులూ ఉన్నాయి కనుక, ఎత్తూ పల్లమూ రెండూ కలిసి ఉన్న చోటే దానికి నిండైన అర్థం వస్తుంది. దమ్ము చేసిన వరిమడిని సరిగా చదును చేయకపోతే పల్లంలో నీళ్లు నిలుస్తాయి, మెరక ఆరిపోయి కలుపు మొలుస్తుంది. అది ఎగుడుదిగుడు మడి. రోడ్డు మీద బండిని కుదిపేవి గతుకులు. కాకరకాయ మీదివి బొడిపెలు. కంటికి ఎత్తుపల్లాలు ఆనకపోయినా వేలికి రాపిడి తెలిస్తే అది గరుకు.

వీటన్నిటికన్నా మనం ఎక్కువగా నిర్లక్ష్యం చేస్తున్నది 'ఉబ్బెత్తు' అనే మాటను. అడుగుతలం చదునుగా ఉండి, దాని మీద కొంత భాగం మాత్రమే పైకి లేచి ఉంటే అది ఉబ్బెత్తు. అమరావతి స్తూపపు సున్నపురాతి పలకల మీది పూర్ణఘటాన్ని పక్కనుంచి వెలుతురు పడుతుండగా చూడండి: కుండ అంచు నీడ వెనకనున్న చదును రాతి మీద పడుతుంది. ఆ పనితనాన్ని ఎగుడుదిగుడు అనడం శిల్పికి అన్యాయం.

బ్రెయిలీ లిపి విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం. ఆరు చుక్కల స్థానాలతో, 63 కలయికలతో నడిచే ఆ లిపిని భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడిగా 1951లో 'భారతీ బ్రెయిలీ'గా స్థిరపరిచారు. అందులో మన 'క'కు ఎడమ వరుసలో పైన ఒక చుక్క, అడుగున ఒక చుక్క ఉబ్బెత్తుగా ఉంటాయి, నడిమి చోటు చదునుగా ఉంటుంది. ఆ నడిమి చుక్క కూడా లేస్తే అక్షరం 'ల' అవుతుంది. చదివే వేలికి లేచిన చుక్క ఎంత అవసరమో, లేవని చోటు అంతే అవసరం. అందువల్ల ఆ చుక్కలను 'ఉబ్బెత్తు చుక్కలు' అనే రాయాలి. కాగితమే నలిగి ఎగుడుదిగుడైతే వేలు 'క'ను 'ల'గా పొరబడే ప్రమాదం ఉంది.