అంచు మీద పేరు

శ్రోతలకు నమస్కారం.

మిలిటరీలో పనిచేసిన పెద్దలు ఉన్న ఇళ్ళల్లో ట్రంకుపెట్టె అడుగున ఒక గుడ్డమూట ఉంటుంది. విప్పితే రంగు వెలిసిన రిబ్బన్, దానికి వేలాడుతూ ఒక బిళ్ళ. బిళ్ళ అనే మాట మనకి కొత్త కాదు. ఒకప్పుడు కలెక్టరాఫీసులో భుజం మీదుగా డవాలు వేసుకుని, దాని మీద ఇత్తడి బిళ్ళతో తిరిగే మనిషిని బిళ్ళబంట్రోతు అనేవారు. నాకు మిలిటరీ బిళ్ళల పిచ్చి. చాలా ఏళ్ళుగా మెడల్సూ బ్యాడ్జీలూ సేకరిస్తున్నాను. ఈ పిచ్చిలో కొనడం తేలికే. కొన్నది అసలుదో కాదో తేల్చుకోవడమే కష్టం.

మొదటిసారే దెబ్బ తిన్నాను. ఒక పాత సామాన్ల కొట్టులో మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ వార్ మెడల్ కనబడింది. ఒకవైపు ఐదో జార్జి చక్రవర్తి తల, రెండోవైపు గుర్రం మీద సెయింట్ జార్జి. అంచు మీద మద్రాస్ శాపర్స్‌కి చెందిన ఒక సిపాయి పేరు. శాపర్స్ అంటే సైన్యంలో వంతెనలు కట్టేవాళ్ళు, మందుపాతరలు తీసేవాళ్ళు. బెంగళూరు కేంద్రంగా ఉన్న ఆ దళంలో మన తెలుగువాళ్ళు తరతరాలుగా ఉన్నారు. ఆ పేరు చూడగానే నా చెయ్యి ఆగలేదు. బేరం కూడా సరిగ్గా ఆడలేదు.

ఇంటికొచ్చాక మా వీధి చివర కంసాలి ఆచారి గారికి చూపించాను. ఆయన గీటురాయి తియ్యనే లేదు. వేలితో ఒకసారి తడిమి, "ఇది పోత సార్, అచ్చు కాదు" అన్నారు. నా ఆరేళ్ళ సేకరణ చదువు మొత్తం ఆ ఒక్క వాక్యంలోంచే మొదలైంది.

అచ్చు అంటే, రెండు ఉక్కు దిమ్మల మధ్య వెండి బిళ్ళని పెట్టి బలంగా కొట్టడం. గుర్రం జూలు కూడా వెంట్రుక వెంట్రుకగా పడుతుంది. పోత అంటే, అసలు మెడల్‌తో మూస తీసి అందులో కరిగిన లోహం పోయడం. చల్లారేటప్పుడు లోహం కొంచెం కుంచించుకుపోతుంది. అసలు మెడల్ అడ్డం 36 మిల్లీమీటర్లు. నాదాన్ని కొలిస్తే అర మిల్లీమీటరు పైగా తగ్గింది. భూతద్దం కింద పెడితే రాజు గారి చెంప మీద మశూచి మచ్చల్లా సన్నటి గుంటలు. అంచున మూస అతుకుని ఆకురాయితో అరగదీసిన గీతలు. తెలిశాక అన్నీ కనబడతాయి. తెలియకముందు నాకు పేరొక్కటే కనబడింది.

అయితే అచ్చు మెడల్ అయినంత మాత్రాన గట్టెక్కినట్టు కాదు. ఇంకో మోసం ఉంది. మెడల్ అసలుదే, పేరు మాత్రం దొంగది. మామూలు సిపాయి పేరు అరగదీసేసి, పేరున్న యుద్ధంలో పోరాడిన రెజిమెంటు మనిషి పేరు చెక్కుతారు. అప్పుడు కూడా కొలతే పట్టిస్తుంది, అరగదీసిన అంచు పలచబడుతుంది కాబట్టి. అక్షరాలు కూడా చూడాలి. బ్రిటిష్ వార్ మెడల్ మీద పేరు చేత్తో చెక్కింది కాదు, ఉక్కు అక్షరాలతో కొట్టింది. అలాగని చెక్కుడు పేరు కనబడగానే నకిలీ అనెయ్యకూడదు. విక్టోరియా రాణి కాలం నాటి ఇండియా మెడల్స్ మీద గొలుసుకట్టు రాతలో చెక్కిన పేర్లు కోకొల్లలు. ఏ మెడల్‌కి ఏ రాత అన్నది తెలిసి ఉండాలి. దీనికి అడ్డదారి లేదు, వీలైనన్ని అసలువి చేతిలోకి తీసుకుని చూడాల్సిందే.

రిబ్బన్‌కి మాత్రం ఒక చిట్కా చెబుతాను. దొంగనోట్లు పట్టుకోవడానికి కిరాణా కొట్లలో ఊదారంగు లైటు పెడతారు చూడండి, చీకట్లో దాని కింద రిబ్బన్ పెట్టండి. ఈ కాలపు దారాలు చాలామటుకు తెల్లగా వెలుగుతాయి, పాత నూలూ పట్టూ వెలగవు. వెలిగినా కంగారు పడకండి. పాత రిబ్బన్ చివికిపోతే ఇంట్లోవాళ్ళు కొత్తది వేయించి ఉండొచ్చు. రిబ్బన్ కొత్తదైతే మెడల్ నకిలీ అయిపోదు.

ఇక బ్యాడ్జీల మీద పేరుండదు కాబట్టి అక్కడ తారీఖులే సాక్షి. ఒకాయన నాకు "హైదరాబాద్ రెజిమెంట్" అని ఉన్న టోపీ బ్యాడ్జి చూపించి, నిజాం సైన్యానిది, మొదటి ప్రపంచ యుద్ధం నాటిది అన్నాడు. రెండు మాటలూ తప్పే. ఆ రెజిమెంటు మూలం హైదరాబాద్ కంటింజెంట్ అనే దళం. నిజాం ఖర్చుతో, ఇంగ్లీషు అధికారుల చేతికింద నడిచేది. 1903లో దాన్ని భారత సైన్యంలో కలిపేశారు. నిజాం సొంత సైన్యం వేరు. 19వ హైదరాబాద్ రెజిమెంట్ అనే పేరు 1922లో వచ్చింది, 1945లో పోయింది. ఆ తర్వాత అదే కుమావూ రెజిమెంట్. మొట్టమొదటి పరమవీర చక్ర గ్రహీత మేజర్ సోమనాథ్ శర్మ 1942లో ఆఫీసరుగా చేరింది ఈ హైదరాబాద్ రెజిమెంటులోనే. 1947 నవంబరు 3న బడ్గామ్‌లో ఆయన నేలకొరిగేనాటికి దాని పేరు కుమావూ. అంటే ఆ బ్యాడ్జి అసలుదే అయినా 1922కి ముందుది అయ్యే వీల్లేదు. అమ్మేవాడు చెప్పే కథ మొత్తం ఒక్క సంవత్సరంతో కూలిపోయింది.

కిరీటం కూడా ఇలాగే సాక్ష్యం చెబుతుంది. ఐదో జార్జి, ఆరో జార్జి కాలపు బ్యాడ్జీల మీద కిరీటం కమాను పైకి గుండ్రంగా లేచి ఉంటుంది. ఎలిజబెత్ రాణి కాలానిది నడిమధ్యలో కిందికి నొక్కినట్టు ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటిదని చెప్పి రాణి కిరీటం బ్యాడ్జి అమ్మజూపితే, నమస్కారం పెట్టి వచ్చెయ్యండి. మన సైన్యం 1950లో గణతంత్రం వచ్చాక కిరీటం తీసేసి అశోకుడి సింహాలు పెట్టుకుంది.

అన్నిటికన్నా తిప్పలు పెట్టేవి పాత అచ్చు దిమ్మలతోనే కొత్తగా కొట్టినవి. దిమ్మ అసలుది, లోహమూ అలాంటిదే, కాలం ఒక్కటే అబద్ధం. వీటి దగ్గర నేను ఇప్పటికీ తడబడతాను.

నకలు అన్న ప్రతిదీ మోసం కాదని కూడా చెప్పాలి. అసలు మెడల్స్ ఇంట్లో భద్రంగా దాచుకుని, పరేడ్‌కి నకళ్ళు పెట్టుకునే సైనికులున్నారు. రాత్రి విందులకి చిన్న సైజువి వేరే ఉంటాయి. ఆ నకలుని అసలుదని అమ్మితేనే మోసం. పరమవీర చక్ర అమ్ముతామని ఎవరైనా వస్తే మాత్రం ఆలోచించే పనే లేదు. ఇప్పటివరకు అది వచ్చింది 21 మందికే, అందులో 14 మందికి మరణానంతరమే. వీర చక్ర, మహావీర చక్ర లాంటివి ఎవరికిచ్చారో రక్షణ శాఖ వెబ్‌సైట్‌లో పేర్లతో ఉంది. పావుగంట చాలు. వందేళ్ళు దాటిన వాటి విషయంలో 1972 నాటి పురావస్తువుల చట్టం గుర్తుంచుకోండి. పురావస్తువులని విదేశాలకి పంపడం కుదరదు.

ఇంతకీ మన సిపాయిల మెడల్స్ అంత అరుదుగా ఎందుకు దొరుకుతాయంటే, బ్రిటిష్ వార్ మెడల్ వెండిది. బరువు రెండున్నర తులాల పైమాటే. 1980లో వెండి ధర ఆకాశానికెక్కినప్పుడు ఇంగ్లండులోనే లెక్కలేనన్ని కరిగించేశారు. మన దగ్గర ఎన్ని పట్టీలైపోయాయో, ఎన్ని కుంకుమభరిణెలైపోయాయో. అదే మెడల్ లేబర్ కోర్ కూలీలకి వెండిలో కాదు, కంచులో ఇచ్చారు. అదే యుద్ధం, కూలివాడికి కంచు. ఆ కంచుది ఇప్పుడు వెండిదానికన్నా అరుదు.

ఆచారి గారికి ఆ రోజే చెప్పి పెట్టాను, ఎవరైనా మెడల్ కరిగించడానికి తెస్తే ఒక్క ఫోన్ చెయ్యమని. ఈమధ్య చేశారు. వెళ్ళేసరికి ఒక పెద్దావిడ బల్ల మీద కూర్చుని ఉంది. తెచ్చింది రెండో ప్రపంచ యుద్ధం నాటి వార్ మెడల్. వెనకవైపు రెండు తలల డ్రాగన్ మీద నిలబడ్డ సింహం. చింతపండు పెట్టి తళతళలాడేలా తోమి తెచ్చింది. దయచేసి ఆ పని ఎవరూ చెయ్యకండి, తోమిన ప్రతిసారీ అంచు మీద అక్షరం కొంత పోతుంది.

"వెండి కాదమ్మా, రాగీ నికెలూ కలిపింది" అన్నారు ఆచారి గారు. ఆవిడ మొహం వాడిపోయింది.

ఆ యుద్ధంలో ఇంగ్లీషు సైనికులకిచ్చిన మెడల్స్ మీద పేర్లు కొట్టలేదు. భారతీయులకిచ్చిన వాటి మీద కొట్టారు. అందుకే అంచు తిప్పి, వెలుతురుకి పెట్టి, ముందు నంబరు చదివాను, తర్వాత పేరు.

"ఆ పేరెవరిదో బాబూ, మా మామగారిది వెంకటస్వామి" అంది.

మళ్ళీ చదివాను. వెంకటస్వామే. రాసినవాడు ఇంగ్లీషు స్పెల్లింగ్‌తో కుస్తీ పట్టాడు, నేను కూడబలుక్కుని తప్పు చదివాను. ఆవిడ ఆ బిళ్ళని తీసుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, చదవడం రాకపోయినా అంచంతా ఒక చుట్టు తిప్పి చూసింది. "ఆ నంబరు కూడా తెలుగులో రాసివ్వండి, మనవడికి చూపిస్తా" అంది. ఆచారి గారి రసీదు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి రాసిచ్చాను.

నమస్కారం.